చీటీ తెచ్చిన తంటా

ఈ విషయం రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. తప్పు నాది కాబట్టి ఊగిసలాట :) పక్కవాడిదైతే ఈపాటికి మూడు భాగాలుగా రాసి పడేసేవాణ్ణి. సరే, ఉపోద్ఘాతం ఆపి అసలు విషయానికొస్తాను.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఓ ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తాగా ఉద్యోగం మొదలుపెట్టారు. చిన్నప్పుడు సెలవులకి ఆయనతో ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. అక్కడ నాకు బాగా నచ్చిన మనిషి అటెండరు. రికార్డు రూములోకి బయటివాళ్ళెవరూ వెళ్ళకూడదు. కానీ అటెండరు వెళ్ళొచ్చు. ఆయన చేతికి ఓ చీటీ ఇస్తే చాలు, దాని మీద ఏ ఫైలు నెంబరు రాసుంటే ఆ ఫైలు దుమ్ము దులిపి తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. చీటీ ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఆ ఫైలు వాళ్ళు చూడొచ్చా లేదా అని అడిగేవాడు కాదు. అది ఆయన పని కాదు మరి.

మా సాఫ్ట్‌వేరు జనం ఎస్ఎస్ఆర్ఎఫ్ అని ఓ భయంకరమైన పేరు పెట్టుకున్న రంధ్రం సరిగ్గా ఇదే. సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ. అంటే, మీరు లోపలికి వెళ్ళలేరు, కానీ లోపలికి వెళ్ళగలిగిన సర్వరు చేతికి చీటీ ఇస్తారు. అది వెళ్ళి తెచ్చి మీ చేతిలో పెడుతుంది. అంతే. తాళాలు పగలగొట్టడాలు, పాస్‌వర్డులు ఊహించడాలు ఏమీ ఉండవు. మర్యాదగా అడగడమే!

ఇప్పుడు నా ఘనకార్యం.

2023లో నేను హైదరాబాదులో ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పేరు అనవసరం. ఆఫీసు వాడకానికి మేమే ఒక టికెట్ల అప్లికేషను రాసుకుని మా క్లౌడు సర్వరు మీద పెట్టుకున్నాం. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అందులో రాయడం, సంబంధించినవాళ్ళు జవాబివ్వడం. ఓ శుక్రవారం సాయంత్రం పనేమీ లేక నాకో ఐడియా వచ్చింది. వాట్సాప్‌లో లింకు పెడితే కింద చిన్న డబ్బాలో ఆ పేజీ పేరు, బొమ్మ వస్తాయి కదా, మన దాంట్లో కూడా అలా వస్తే? ఇరవై లైన్ల కోడు. మనిషి లింకు పేస్టు చేస్తాడు, మా సర్వరు ఆ అడ్రసుకి వెళ్ళి పేజీ తెస్తుంది, అందులోంచి పేరు లాగి చూపిస్తుంది. పేరు దొరక్కపోతే ఏంచేయాలి? వచ్చిన అక్షరాలు వచ్చినట్టు చూపించేద్దాం అనుకున్నా. తెర మీద మూడు లైన్లే కనబడేలా కత్తిరించా. సోమవారం అందరూ బాగుందన్నారు. మేనేజరు గారు మీటింగులో నా పేరు కూడా చెప్పారు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

అప్పటికి మా టెస్టింగులో ఓ అమ్మాయి కొత్తగా చేరింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. ఓ మధ్యాహ్నం నా సీటు దగ్గరికొచ్చి "అన్నా, ఒక్కసారి ఇది చూస్తారా?" అంది. లింకు డబ్బాలో 127.0.0.1 అని కొట్టి పక్కన ఓ పోర్టు నెంబరు పెట్టింది. 127.0.0.1 అంటే ఏ మిషనుకైనా 'నేనే' అని అర్థం. అంటే మా సర్వరుని తన కడుపులోకే చూసుకోమని చెప్పిందన్నమాట. కింద డబ్బాలో మా అడ్మిన్ పేజీ పేరు ప్రత్యక్షమైంది. బయటినుంచి ఎవరికీ కనబడకూడని పేజీ అది.

నేనేం చేశానో చెప్పనా? నవ్వాను. "ఇది మన లోపలి టూలే కదా, వాడేది మనవాళ్ళే కదా, పేజీ పేరు కనబడితే కొంపలేం మునిగిపోవు" అన్నాను. ఆ అమ్మాయి "అది కాదన్నా..." అని ఏదో చెప్పబోయింది. నాకు కాలుందని ఫోను పట్టుకుని లేచిపోయా. తను మాత్రం పద్ధతిగా బగ్గు రాసి పెట్టింది. నేను సాయంత్రం దాన్ని 'సరిచేయనక్కర్లేదు' అని మూసేశాను. ఒకటే మాట కారణంగా రాశాను: 'లోపలి టూలు'.

ఏడు నెలలు గడిచాయి. ఈలోపు మా కస్టమర్లు కూడా టికెట్లు పెట్టుకుంటే బావుంటుందని పైవాళ్ళు అనుకున్నారు. అదే అప్లికేషనుకి ఒక రిజిస్ట్రేషను పేజీ తగిలించి బయటికి తెరిచేశాం. ఆ పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. లింకుల డబ్బా సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు, దాన్ని రాసిన మహానుభావుడితో సహా.

ఆ తరవాత ఓ ఆదివారం. మా అమ్మకి వంటల లింకులు దాచుకోడానికి, ఇంట్లో పాత లాప్‌టాపు మీద ఓ ఉచిత అప్లికేషను పెడుతున్నా. ఫోను నిండా స్క్రీన్‌షాట్లేగా, అమ్మకి ఏదీ టైముకి దొరకదు. లింకు ఇస్తే అదే వెళ్ళి కావలసిన దినుసులు, కొలతలు తెచ్చి దాస్తుంది. భలే ఉంది. కొత్త వెర్షనులో ఏం మారిందో చదువుతుంటే ఓ లైను కనబడింది: లింకు నుంచి తెచ్చుకునేటప్పుడు లోపలి నెట్‌వర్కు అడ్రసులకి వెళ్ళకుండా అడ్డుకట్ట వేశామని. ఓహో అలాగా అనుకుని, సరదాకి పాత వెర్షను పెట్టి వంట లింకు బదులు 192.168.1.1 అని మా ఇంటి రౌటరు అడ్రసు కొట్టా. అప్లికేషను బుద్ధిగా వెళ్ళి రౌటరు తలుపు తట్టొచ్చింది. నేను నవ్వుకుంటూ పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకుని... అక్కడ ఆగిపోయా. "అది కాదన్నా..." అన్న మాట చెవిలో వినబడింది.

లాప్‌టాపు తీసి, ఆఫీసు అప్లికేషనులో కస్టమరు లాగా ఓ కొత్త అకౌంటు సృష్టించి, లింకు డబ్బాలో 169.254.169.254 అని కొట్టా. ఈ నెంబరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అమెజాన్ క్లౌడులో ప్రతి సర్వరుకీ ఈ అడ్రసు దగ్గర ఓ మెటాడేటా సర్వీసు ఉంటుంది. సర్వరు తన గురించి తాను తెలుసుకోడానికి అది. నా పేరేంటి, నేనెక్కడున్నా, నాకున్న అధికారాలేంటి, ఆ అధికారాలు వాడుకోడానికి తాత్కాలిక తాళంచెవులేవి - అన్నీ అక్కడ అడిగితే చెబుతుంది. ఆ సర్వరు లోపలున్నవాళ్ళకే చెబుతుంది, బయటివాళ్ళకి ఆ అడ్రసు అందదు. కానీ అడుగుతున్నది సర్వరే కదా! చీటీ మాత్రం నాది.

తెర మీద మూడు లైన్లు వచ్చాయి. బ్రౌజరుకి మొత్తం వచ్చింది. నేను కత్తిరించింది చూపుకే తప్ప, సర్వరు పంపించేది పూర్తిగానే పంపిస్తోంది. తాళంచెవులు మూడు ముక్కలూ నా ముందున్నాయి. ఆ చెవులతో మా కస్టమర్లు టికెట్లకి జత చేసిన ఫైళ్ళన్నీ తెరవొచ్చు. వాటిలో ఇన్వాయిసులున్నాయి, ఆధార్ కాపీలున్నాయి. చేతులు చల్లబడిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఇదే కథ ప్రపంచమంతా మారుమోగిపోయిందని! అమెరికాలో కేపిటల్ వన్ బ్యాంకు. 2019 మార్చిలో జరిగింది, జులైలో బయటపెట్టారు. అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు. తప్పుగా అమర్చిన ఫైర్‌వాలు ద్వారా ఇదే మెటాడేటా సర్వీసుని అడిగించి, తాళంచెవులు సంపాదించి, ఫైళ్ళు దించుకున్నారు. కాపలా పెట్టినవాడే వెళ్ళి తెచ్చిచ్చాడన్నమాట. బ్యాంకుకి కూడా అది బయటి మనిషెవరో ఈమెయిలు రాస్తే తెలిసింది. 2020 ఆగస్టులో 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. నేను ఆ వార్త అప్పుడే చదివాను. చదివి, ఎంత నిర్లక్ష్యమో ఈ బ్యాంకులవాళ్ళకి అని స్నేహితులతో అన్నాను కూడా. మనలో మన మాట, పక్కవాడి బగ్గు మనకెప్పుడూ తెలివితక్కువగానే కనబడుతుంది.

అరగంట అలాగే కూర్చున్నా. దాచేద్దామన్న ఆలోచన రాలేదని అబద్ధమాడను. ఓ చిన్న మార్పు చేసి, 'చిన్న సవరణ' అని రాసి పైకి పంపేస్తే ఎవరికీ తెలీదు. మొదటి బగ్గు ఏడు నెలల కిందట మూసేసిందే. రాసిన అమ్మాయి కూడా అప్పటికి ఉద్యోగం మారిపోయింది. ఎందుకో తెలీదు, ముందు నాన్నగారికి ఫోన్ చేశా. ఏం జరిగిందో చీటీ భాషలో చెప్పా.

నాన్నగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ప్రతి ఫైలుకీ చీటీ మీద సంతకం పెట్టడం విసుగై, ఓ పుస్తకం మొత్తం ఖాళీ చీటీల మీద ముందే సంతకాలు పెట్టి అటెండరుకి ఇచ్చేశారట. కొన్నాళ్ళకి ఓ అడంగల్‌లో కాగితం మాయమైంది. ఎవరో చీటీ నింపి తెప్పించుకున్నారు. విచారణలో ఫైలు తీసింది ఎవరంటే అటెండరు. ఆయనకి ఇంక్రిమెంటు ఆపేశారు. నాన్నగారికి ఓ మెమోతో సరి.

"ఆయనేం చేశాడ్రా, రాసింది తెచ్చాడు. సంతకం నాది. ఆ మాట గట్టిగా చెప్పాల్సిన చోట నేను మెల్లిగా చెప్పాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళాలంటే చిన్నతనంగా ఉంటుంది. నువ్వు మీ ఆఫీసరుకి ఈ రాత్రే ఫోన్ చెయ్యి నాన్నా. పొద్దున్న అయితే ధైర్యం ఉండదు" అన్నారు.

రాత్రి పదింటికి మేనేజరుకి ఫోన్ చేశా. పదిన్నరకి అప్లికేషను ఆపేశాం. తాళంచెవులన్నీ మార్చాం. తెల్లారేదాకా లాగులు తవ్వాం, ఇంతకుముందు ఎవరైనా ఇలా అడిగారా అని. ఇక్కడే అసలు దెబ్బ. మా లాగులు 14 రోజులకి మించి ఉండవు. ఉన్నవాటిలో కూడా ఎవరు ఏ లింకు పేస్టు చేశారన్నది నమోదు కాలేదు. నా కోడు దాన్ని ఎక్కడా రాసిపెట్టదు. అంటే ఎవరైనా తీసుకెళ్ళారా లేదా అన్నది మాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు. కస్టమర్లకి రాసిన ఉత్తరంలో 'దుర్వినియోగం జరిగిన ఆధారాలు మాకు దొరకలేదు' అని రాశారు. అబద్ధం కాదు. కానీ ఆధారాలు దాచుకునే ఏర్పాటే లేదని నాకు తెలుసు కదా. ఇలాంటి వాక్యం ఏ కంపెనీ ప్రకటనలో కనబడినా ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ వారం రిపోర్టు నేనే రాశాను. ఆ అమ్మాయి రాసిన బగ్గు తారీఖుతో సహా మొదటి పేజీలో పెట్టా, మూసేసింది ఎవరో కూడా. ఉద్యోగం పోలేదు. ప్రమోషను ఓ ఏడాది వెనక్కెళ్ళింది, న్యాయమే.

సరే, దీన్నుంచి నేను నేర్చుకున్నవి కొన్ని. సొంతంగా సర్వర్లు పెట్టుకునేవాళ్ళకి పనికొస్తాయేమో.

మొదటిది, ఇది ఎక్కడో మూల దాక్కునే జబ్బు కాదు. బయటి అడ్రసు తీసుకుని సర్వరు వెళ్ళి తెచ్చే ప్రతి చోటా ఉంటుంది: లింకు ప్రివ్యూ, ఫొటో దిగుమతి, వెబ్‌హుక్కు, పీడీఎఫ్ తయారీ. వర్డ్‌ప్రెస్‌లో పింగ్‌బ్యాక్ సదుపాయంతో లోపలి పోర్టులు వెతకొచ్చని తేలితే 2013 జనవరిలో 3.5.1 వెర్షనులో సరిచేశారు. గ్రఫానాలో 2020లో దొరికిన రంధ్రం మనిషి బొమ్మ తెచ్చిపెట్టే చోట ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజి సర్వర్ల మీద జరిగిన దాడుల గొలుసులో మొదటి లంకె ఎస్ఎస్ఆర్ఎఫే. గమనించండి, దెబ్బ తిన్నవి కంపెనీలు సొంతంగా నడుపుకునే ఎక్స్ఛేంజి సర్వర్లు. మైక్రోసాఫ్ట్ నడిపే ఎక్స్ఛేంజి ఆన్‌లైనుకి ఆ గొడవ లేదు. ఆ ఏడాదే ఓవాస్ప్ వాళ్ళు తమ పది ప్రమాదాల జాబితాలో దీనికి పదో స్థానం ఇచ్చారు. 2025 జాబితాలో దీన్ని యాక్సెస్ కంట్రోల్ లోపాల్లో కలిపేశారు. అది మొదటి స్థానం.

సొంత సర్వరు తప్పని నేననను. మా అమ్మ వంటలు ఇప్పటికీ ఆ లాప్‌టాపు మీదే ఉన్నాయి. కానీ సొంత ఇల్లన్నాక రిపేర్లు మనవే. పైగా అద్దె క్లౌడులో అయితే పక్కన ఏముంటుందో గానీ, ఇంట్లో సర్వరు పక్కన రౌటరు, కెమెరా, ప్రింటరు, నాన్నగారి పెన్షను కాగితాలున్న హార్డుడిస్కు - అన్నీ ఒకే గదిలో తాళం లేకుండా కూర్చునుంటాయి.

రెండోది, చీటీ మీద అక్షరాలు చూసి అడ్డుకోవడం పనికిరాదు. 127.0.0.1 అన్న మాటని ఆపాననుకోండి, 2130706433 అని రాస్తారు. అదీ అదే అడ్రసు, ఒకే అంకెగా రాశారంతే. దాన్నీ ఆపితే ఐపీవీ6లో రాస్తారు. అదీ ఆపితే ఏదో మంచి పేరున్న డొమైను రాస్తారు, ఆ పేరు చివరికి మన లోపలి అడ్రసుకే దారి చూపిస్తుంది. లేదా బయటి పేజీకే పంపించి అక్కడినుంచి లోపలికి దారి మళ్ళిస్తారు. అటెండరు టీకొట్టు దాకా వెళ్తే అక్కడ ఇంకో చీటీ చేతిలో పెట్టినట్టు! చూసినప్పుడు ఒక అడ్రసు, వెళ్ళేసరికి ఇంకో అడ్రసు చెప్పే డొమైన్లు కూడా ఉంటాయి. కాబట్టి పేరుని ముందు అడ్రసుగా మార్చి, అది లోపలిదో కాదో చూసి, చూసిన ఆ అడ్రసుకే వెళ్ళాలి. దారి మళ్ళిన ప్రతిసారీ మళ్ళీ చూడాలి. ఏ చోట్లకి వెళ్ళొచ్చో ముందే తెలిస్తే వాటి జాబితా పెట్టుకుని మిగతావన్నీ ఆపేయడం అన్నిటికన్నా సుఖం.

మూడోది, అటెండరుకి రికార్డు రూము తాళంచెవే ఇవ్వకపోతే ఏ గొడవా లేదు. బయటి పేజీలు తెచ్చే పనిని లోపలి నెట్‌వర్కుకి దారే లేని వేరే డబ్బాలో పెట్టాలి. లేదా మధ్యలో ఓ ప్రాక్సీ పెట్టాలి. స్ట్రైప్ వాళ్ళు స్మోక్‌స్క్రీన్ అని ఒకటి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అమెజాన్ కూడా 2019 నవంబరులో మెటాడేటా సర్వీసుకి రెండో వెర్షను తెచ్చింది. ముందు ఓ టోకెను అడిగి తీసుకోవాలి, ఆ టోకెను చూపిస్తేనే జవాబు. నాలాంటి ఇరవై లైన్ల కోడు ఆ టోకెను తేలేదు. మా పాత సర్వరులో మొదటి వెర్షను కూడా తెరిచే ఉంది. మార్చడానికి ఒక్క కమాండు చాలు. నాలుగేళ్ళు ఎవరూ కొట్టలేదు.

నాలుగోది, ఏ చీటీ ఎప్పుడు ఎవరు ఇచ్చారో ఓ పుస్తకంలో రాసిపెట్టుకోండి. మా నాన్నగారి ఆఫీసులో ఆ పుస్తకం ఉండబట్టే కాగితం పోయిందన్న సంగతైనా తెలిసింది. మాకు అదీ లేదు.

ఐదోది కోడుకి సంబంధించింది కాదు. రిపోర్టు ఇచ్చాక ఆ అమ్మాయి నెంబరు వెతికి పట్టుకుని మెసేజి పెట్టా. జరిగిందంతా చెప్పి, నువ్వు చెప్పింది నేను వినలేదు, తప్పు నాది, క్షమించు అన్నా. జవాబు మర్నాటికి వచ్చింది.

"పర్లేదన్నా. మీరు నవ్వేసరికి నాకే ఏదో తెలీదేమో అనుకున్నా. మీరు సీనియర్ కదా. తరవాత ఇంకో రెండు చోట్ల కూడా అలాంటివే కనబడ్డాయి, రాయలేదు."

ఆ రెండూ ఎక్కడో అడిగా. చెప్పింది. ఒకటి అప్పటికే మేం సరిచేశాం. రెండోది ఆ మెసేజి వచ్చేదాకా మాకు తెలీదు.